రెండో అంకంలో చచ్చిపోయే రాజు

టెక్కలిలో ఎవరినైనా ఆపి సింధూరం త్రినాథరావు ఎవరని అడగండి. అరటిపళ్లమ్మే ముసలమ్మ దగ్గర్నుంచి తాలూకాఫీసు బంట్రోతు దాకా అందరూ ఒకటే కథ చెప్తారు. కూర్మనాథం మేష్టారికి తమలపాకులో సింధూరం పెట్టి గొంతు తీసేసినవాడు, ఆయన వేషం తను కట్టి బహుమతి కొట్టినవాడు, చివరికి ఆయన ప్రాణమే తీసినవాడు. అంతే కథ. చెప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇన్నాళ్లూ నోరు మూసుకు కూర్చున్నాను, ఎందుకంటే మేష్టారికి మాట ఇచ్చాను. ఆయన భార్య సూర్యకాంతమ్మగారు పోయిన మాఘంలో కన్నుమూశారు. ఇక ఆ మాట తీరిపోయింది కాబట్టి చెబుతున్నాను.

నా పేరు జీవరత్నం. శనివారం సాయంత్రం నాట్యమండలిలో హార్మోనియం వాయించేవాణ్ణి, ఆదివారం పొద్దున్న అదే హార్మోనియం మా బాప్టిస్టు చర్చిలో వాయించేవాణ్ణి. మా పాస్టరుగారికి ఇది గిట్టేది కాదు. "ఒకటే పెట్టె మీద దేవుడికీ దెయ్యానికీ వాయిస్తావేమయ్యా?" అనేవారు. "చర్చివారు వేరే పెట్టె కొనిపెడితే ఇది మానేస్తానండీ" అనేవాణ్ణి. వాళ్లు కొనలేదు, నేను మానలేదు.

రిహార్సలు మేష్టారింటి అరుగు మీద జరిగేది. అయ్యాక నా హార్మోనియాన్ని లోపలి గదిలో చాప మీద భద్రంగా పెట్టేవారు. నన్ను మాత్రం గుమ్మం దాటనిచ్చేవారు కాదు. అప్పటి రోజులు అలాంటివి. పెట్టె లోపల పడుకునేది, నేను మా పేటకి నడిచి పోయి, తెల్లారి మళ్లీ వచ్చి దాన్ని చర్చికి మోసుకుపోయేవాణ్ణి. అరుగు తూర్పు కొసన గోడకి ఆనుకుని నాకొక చోటుండేది. ఈ కథలో చాలామటుకు అక్కడ కూర్చుని చూసిందే.

త్రినాథరావుది నౌపడ. అక్కడి ఉప్పు కొటార్ల దగ్గర కాటా గుమస్తా. ఆరడుగుల మనిషి, మంచి కంఠం. బస్తా కాటా మీద పెట్టగానే పద్యం అందుకునేవాడు. పద్యం అయ్యేదాకా బరువు చెప్పేవాడు కాదు. కూలీలు రెండో బస్తా నెత్తిన పెట్టుకుని రాగం ఎప్పుడాగుతుందా అని నిలబడేవారు. సాయంత్రం అయ్యేసరికి చిన్నరైలెక్కి టెక్కలి వచ్చేసేవాడు. నలభై మూడులో మండలిలో చేరాడు. మనిషి ఎత్తు చూసి మేష్టారు అతనికి రాజు వేషం ఇచ్చారు.

ఆ రాజు వేషం సంగతి చెప్పాలి. మేము ముఖ్యంగా ఆడేది ఒకటే నాటకం. మేష్టారి గురువుగారు రాసింది, అచ్చు కాలేదు, నాలుగు నోటుపుస్తకాల్లో ఉండేది. ధర్మసేనుడు రాజు, జయసేనుడు అతని తమ్ముడు. తమ్ముడికి సింహాసనం మీద ఆశ. రెండో అంకంలో విషం కలిపిన తాంబూలం తన చేత్తోనే అన్నకి అందిస్తాడు. అన్న నవ్వుతూ నోట్లో వేసుకుని, ఒక పద్యం పాడి పడిపోతాడు. అక్కణ్ణుంచి మూడంకాలూ తమ్ముడివే. రాజ్యం వస్తుంది గానీ నిద్ర రాదు. ఐదో అంకంలో కొలువు తీర్చి, ఆచారం ప్రకారం సభలో వాళ్లకి తాంబూలాలు ఇవ్వబోతాడు. వాళ్లు చెయ్యి చాచడానికి ఒక్క క్షణం ఆలస్యం చేస్తారు. ఆ మాత్రానికే తన సంగతి వాళ్లకి తెలిసిపోయిందని బెదిరిపోతాడు. పన్నెండు పద్యాల్లో చేసిన పాపమంతా కక్కేసి, పళ్లెంలో ఆకు తనే నమిలి చచ్చిపోతాడు.

జయసేనుడు కూర్మనాథం మేష్టారు. ధర్మసేనుడు త్రినాథరావు. పన్నెండేళ్లు అలాగే జరిగింది.

రెండో అంకంలో చచ్చిపోయాక త్రినాథరావు ఇంటికి పోయేవాడు కాదు. రంగు కడుక్కునేవాడూ కాదు. నా వెనక తెర చాటున పీట వేసుకు కూర్చుని, మిగతా మూడంకాలూ మేష్టారితో పాటు పెదవులు కదుపుతూ ఉండేవాడు. పన్నెండు పద్యాలూ కంఠతా వచ్చు. ఎక్కడ ఊపిరి తియ్యాలో, ఎక్కడ జనం వన్స్‌మోర్ అంటారో అన్నీ తెలుసు.

"నాకేటీ అక్కర్లేదు బావా," అనేవాడు నాతో. "ఒక్కసారి ఐదో అంకం దాకా బతకాల. అంతే."

నవ్వేవాణ్ణి. అతను నవ్వేవాడు కాదు. ఇంటి దగ్గర భార్య త్రిపురసుందరి కూడా ఊరుకునేది కాదు. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది. ఓసారి నా ఎదటే అంది: "నూతి కాడికి ఎల్తే సచ్చిపోయే రాజుగారి పెళ్లాం వచ్చినాది, దారియ్యండే అంటన్నారు. పన్నెండేళ్లయిపోనాది. ఒక్కసారేనా బతికి ఇంటికి రావేటి?" ఆవిడ వేళాకోళానికే అంది. అతను మజ్జిగన్నం సగంలో వదిలేసి లేచిపోయాడు.

ఇక కూర్మనాథం మేష్టారు. బడిపంతులు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం ఐదు శ్రుతి ఎత్తున పలికేది. పెట్రోమాక్సు లైట్లు బుసకొడుతున్నా ఆఖరి వరసలో వాడికి ప్రతి అక్షరం వినపడేది. ఆయనకున్న ఒకే ఒక్క వ్యసనం తాంబూలం. ఇత్తడి డబ్బీ ఒకటుండేది, అందులో ఆకులు సూర్యకాంతమ్మగారే తుడిచి, ఈనె తీసి, మడిచి సర్దేవారు.

పాడేవాళ్లకి ఒక భయం ఉంది. తమలపాకులో సింధూరం పెట్టి తినిపిస్తే గొంతు శాశ్వతంగా పోతుందంటారు. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నాటకాలవాళ్లలో మాత్రం దీన్ని నమ్మనివాణ్ణి నేను చూడలేదు. పరాయి చేతి ఆకు ముట్టరు. పెళ్లిలో తాంబూలం ఇస్తే కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటారు, ఇంటికి పోయి విప్పి చూసి ఆవుకి పెడతారు. ఆవు ఎలాగూ పద్యాలు పాడదు కదా. మేష్టారు ఈ విషయంలో మరీ పట్టుదల మనిషి. నలభై ఏళ్ల స్నేహితుడిచ్చినా పుచ్చుకునేవారు కాదు.

రెండో అంకంలో జయసేనుడు అన్నకిచ్చే తాంబూలం కూడా ఆ డబ్బీలోదే. నిజం ఆకే. పన్నెండేళ్లు ఆటాటకీ త్రినాథరావు మేష్టారి చేతి ఆకు తిన్నాడు. అతనికీ గొంతుంది, అతనికీ భయం ఉండాలి. కాని ఒక్కసారి కూడా విప్పి చూడలేదు.

యాభై అయిదు ఉగాదినాడు మేష్టారు అందరి ముందూ అన్నారు: "నాకు యాభై దాటాయి. కార్తీకం వెళ్లాక జయసేనుడు నువ్వేరా, త్రినాథా." ఆ మనిషి సంతోషం చూడాలి. మర్నాడే పలాస జీడిపప్పు వీశెడు పట్టుకొచ్చి మేష్టారింట్లో ఇచ్చాడు. జయసేనుడి కిరీటం తన తలకి పట్టదని, కంసాలి దగ్గరికి తీసుకెళ్లి రేకు వదులు చేయించాడు. కార్తీకానికి ఇంకా ఏడు నెలలుంది!

ఆ వానాకాలంలో మేష్టారు నన్ను పక్కకి పిలిచి, శ్రుతి ఒక మెట్టు దించమన్నారు. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను, దించాను. ఎవరికీ చెప్పలేదు. పాడేవాడి శ్రుతి దిగిందని బయట చెప్పడం హార్మోనియం వాయించేవాడు చెయ్యకూడని పని. అంత నీతిగా ఉన్నందుకు తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను.

ఆశ్వయుజంలో కబురొచ్చింది, పుష్యమాసంలో శ్రీకాకుళంలో నాటకపోటీలని. మేష్టారు ఆ కాగితం రెండుసార్లు చదువుకున్నారు. "ఈ పోటీ ఒక్కటీ నేనే వేస్తాను. ఆ తర్వాత అంతా నీదే," అన్నారు.

"అలాగేనండి గురువుగారూ," అన్నాడు త్రినాథరావు. మాట మామూలుగానే వచ్చింది. వదులైన కిరీటం మేష్టారి తల మీద నిలవక, లోపల గుడ్డపేలిక కుక్కి పెట్టుకున్నారు. అది కుక్కింది త్రినాథరావే.

ఆ తర్వాత జరిగింది నాకు ఎనిమిది నెలల తర్వాత అతనే చెప్పాడు. ఒక మంగళవారం ఆంజనేయస్వామి గుడికెళ్లి, పాదాల దగ్గర నూనెతో మెత్తిన సింధూరం గోటితో గీరి కాగితంలో పొట్లం కట్టాడట. ఆ పొట్లం మొల్లో పెట్టుకుని ఉప్పు తూచాడు, అన్నం తిన్నాడు, పిల్లల్ని ఆడించాడు. "ఇత్తానో ఇవ్వనో నాకే తెల్దు బావా. ఉంటే ఉండనీ అనీసి ఉంచినాను," అన్నాడు. పాపం ఎప్పుడూ అలాగే మొదలవుతుందేమో, ఉంటే ఉండనీ అని.

కార్తీకం రెండో సోమవారం రావివలసలో ఆట. ఎండల మల్లన్న దర్శనానికి జనం తండోపతండాలుగా వచ్చారు. గుడికి కాస్త దూరంలో తాటాకు పందిరి వేసి మాకు రంగులు పూసుకోవడానికి ఇచ్చారు. సాయంత్రం ఆరు గంటలై ఉంటుంది. సూర్యకాంతమ్మగారు పర్లాకిమిడిలో చెల్లెలింటికి వెళ్లారు, అంచేత డబ్బీ ఆవేళ మేష్టారే సర్దుకున్నారు. మొహానికి సగం రంగు పడేసరికి ఆకులైపోయాయి. "అయ్యో, రెండో అంకానికి తీసి పెట్టిన ఆకు తప్ప లేదే," అన్నారు తనలో తాను.

"నా కాడ ఉన్నాదండి," అన్నాడు త్రినాథరావు.

మడిచిన ఆకు చేతిలో పెట్టుకుని చాచాడు. మేష్టారు ఆకు వంక చూశారు, అతని మొహం వంక చూశారు. తీసుకుని నోట్లో పెట్టుకున్నారు. నేను హార్మోనియం మెట్లు గుడ్డతో తుడుస్తున్నాను. మేష్టారు పరాయి ఆకు వేసుకున్నారే అనుకున్నాను, మళ్లీ తుడుచుకున్నాను.

ఆ రాత్రి మేష్టారు దివ్యంగా పాడారు. ఐదో అంకంలో నాలుగు వన్స్‌మోర్లు. ఏమీ కాలేదు. నా వెనక పీట మీద కూర్చున్న త్రినాథరావు పెదవులు కదపలేదు, చేతులు చంకల్లో పెట్టుకుని ముడుచుకుపోయాడు. చలి అనుకున్నాను.

పది రోజులకి మేష్టారి గొంతు బొంగురుపోయింది. మార్గశిరం వెళ్లేసరికి గాలి తప్ప మాట లేదు. బడిపంతులుకి గొంతు లేకపోతే ఏముంది? కొన్నాళ్లు నల్లబల్ల మీద రాసి పాఠం చెప్పారు, పిల్లలు ఒకటే గోల. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. ఆయనకి మాట్లాడ్డానికి ఒక పలకా బలపమూ మిగిలాయి.

పర్లాకిమిడి నుంచి తిరిగొచ్చిన సూర్యకాంతమ్మగారు, గొంతు పూర్తిగా పోయాక ఒకటే ప్రశ్న వేశారట: "నేను లేనప్పుడు ఎవడి చేతి ఆకు వేసుకున్నారు?" ఆయన జవాబు రాయలేదు. అంతే, ఆవిడ తేల్చేసుకున్నారు. రోజూ పొద్దున్నే కళ్లాపి జల్లుతూ, వీధంతా వినేలా తిట్టేవారు. "మా ఇంటి దీపం ఆర్పినవాడి చెయ్యి పడిపోను! వాడి నోట్లో మన్ను పడ!" మొదట్లో వీధివాళ్లు బయటికొచ్చి వినేవారు. తర్వాత అలవాటైపోయింది. రావివలస ఆకు నాకు గుర్తొచ్చింది గాని, త్రినాథరావు మీద అలాంటి అనుమానం పడ్డానికి మనసొప్పలేదు.

పోటీకి జయసేనుడు త్రినాథరావయ్యాడు. కిరీటంలో పేలిక తీసేశారు. ధర్మసేనుడి వేషం దానయ్య అని బట్టలకొట్టు గుమస్తాకిచ్చారు.

శ్రీకాకుళంలో రెండో అంకం. తాంబూలం అందించాలి. త్రినాథరావు చెయ్యి చాచాడు, ఆ చెయ్యి వణికింది. వణకడమంటే మామూలు వణుకు కాదు, ఆకులోంచి వక్కపలుకులు రాలిపోయాయి. జనం చప్పట్లు కొట్టారు. ఐదో అంకంలో సభవాళ్లు చెయ్యి చాచడానికి ఆలస్యం చేసినప్పుడు అతని మొహం చూసి ముందు వరసలో ఒకావిడ ఏడ్చేసింది. పన్నెండు పద్యాలకీ వన్స్‌మోర్లు. పశ్చాత్తాపాన్ని ఇంత సహజంగా నటించినవాణ్ణి చూడలేదని న్యాయనిర్ణేతలు వేదికెక్కి మరీ చెప్పారు. వెండి కప్పు ఇచ్చారు. నేను పక్కనే కూర్చుని వాయించాను కదా, నేనూ నటనే అనుకున్నాను. ఇరవై ఏళ్లు స్టేజీ పక్కన కూర్చుని ఆ తేడా పోల్చుకోలేని వెధవని నేను.

నౌపడ స్టేషన్లో దండలు వేశారు. త్రిపురసుందరి పరమాన్నం వండి ఊరంతా పంచింది. "ఇప్పుడు సూడండే, బతికొచ్చినాడు," అందిట నూతి దగ్గర. అతను ఆ పరమాన్నం ముట్టలేదు.

ఆ తర్వాత ఆరు ఆటలు వేశాడు, ఒకటి వజ్రపుకొత్తూరులో, మిగతావి చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో. ప్రతి ఆటకీ పేరు పెరిగింది, మనిషి తరిగాడు. ఆకు వేసుకోవడం మానేశాడు. తన గొంతూ పోతోందని అనుమానం. "ఓపాలి శ్రుతి సూడు బావా, బొంగురుగా ఉన్నాదేటి?" అని వాయించిన చోటల్లా అడిగేవాడు. గొంతు గంటలా ఉండేది. వదులు చేయించిన కిరీటం మళ్లీ వదులై, ఈసారి తనే పేలిక కుక్కుకున్నాడు.

వారం వారం మేష్టారింటికి వెళ్లేవాడు. తాటికలకండ, తేనె, ఉద్దానం కొబ్బరిబొండాలు, ఏదో ఒకటి చేతిలో ఉండేది. సూర్యకాంతమ్మగారు అవి అందుకుని, "మండలి మొత్తానికి నువ్వొక్కడివే మమ్మల్ని మర్చిపోలేదు నాయనా. నీ కడుపు చల్లగా, నీ పిల్లాపాపలతో నూరేళ్లు బతుకు," అని దీవించేవారు. అదే ఊపిరిలో, "ఆ పాపిష్టివాడి చెయ్యి మాత్రం పడిపోను!" అనేవారు. నేను నా చోట కూర్చుని వినేవాణ్ణి. అతను తలొంచుకుని రెండూ పుచ్చుకునేవాడు.

ఆషాఢంలో ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చేసరికి మా గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. మా ఆవిడ నయోమి ఇచ్చిన టీ చల్లారిపోయి ఉంది. నేను చెప్పులు విప్పుతుండగానే మొత్తం చెప్పేశాడు. పొట్లం, గుడి, పందిరి, అంతా. చెప్పి, "మీ మతంలో పాదిరీకాడికెల్లి తప్పు సెప్పుకుంతే పోతాదంట కదా బావా? నన్ను తీసుకెల్లు," అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మేష్టారి మీద జాలి, ఇతని మీద అసహ్యం, నా మీద చిరాకు, అన్నీ కలిసిన కోపం. "అది రోమన్ క్యాథలిక్కుల్లో. మాకు అలాంటి సదుపాయం లేదు," అన్నాను. "మాకు దేవుడికి నేరుగా చెప్పుకోవాలి, ఎవరికి చెరుపు చేశామో వాళ్లకి చెప్పుకోవాలి. లే. పద."

"ఇప్పుడేనేటి?"

"మరెప్పుడు? ఇంకో కప్పు కొట్టాకా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అతను లేచాడు.

మేష్టారు అరుగు మీద బొంత పరుచుకుని కూర్చున్నారు. మెడకి గుడ్డ చుట్టుకున్నారు. త్రినాథరావు కింద మెట్టు మీద కూర్చున్నాడు, నేను నా తూర్పు కొసన.

"గురువుగారూ, ఆ దినం రావివలసలో మీకు నానిచ్చిన ఆకు... అందులో సింధూరం పెట్టినాను. నానే పెట్టినాను."

మేష్టారు పలక అందుకున్నారు. ఆయన రాత గుండ్రంగా, పిల్లలకి రాసిచ్చే ఒరవడిలా ఉండేది. "తెలుసు," అని రాశారు.

మేమిద్దరం ఆ మూడక్షరాలూ చూస్తూ ఉండిపోయాం. ఆయన చేత్తో తుడిచి మళ్లీ రాశారు: "నోట్లో పెట్టగానే నూనె వాసన వచ్చింది." మళ్లీ తుడిచారు. "పన్నెండేళ్లు నా చేతి ఆకు చూడకుండా తిన్నావు. నీ ఎదట ఉమ్మలేకపోయాను."

త్రినాథరావు మెట్టుకి తల కొట్టుకున్నాడు. ఆరడుగుల మనిషి ఏడుపు చూడ్డానికి బాగుండదు. నేను వీధిలోకి చూశాను. మేష్టారు బలపంతో పలక మీద టకటకా కొట్టి మమ్మల్ని ఇటు తిప్పుకున్నారు.

"నువ్వివ్వకపోయినా పోయేదే. గొంతులో పుండు. భాద్రపదంలో విశాఖపట్నం డాక్టరు చూశాడు. మా అమ్మ దీంతోనే పోయింది."

శ్రుతి దించమన్నది అందుకు! త్రినాథరావు తల ఎత్తాడు. ఆ మొహంలో ఆశ చూసి నాకు సిగ్గేసింది. "అయితే... నా సింధూరం వల్ల కాదేటండి?" అన్నాడు, చిన్నపిల్లాడు అడిగినట్టు.

మేష్టారు మళ్లీ బలపం అందుకున్నారు. అబద్ధం రాస్తే సరిపోయేది. ఆయన బడిపంతులు, పలక మీద తప్పు రాసే అలవాటు లేదు. "మాఘం దాకా పలుకుతుందన్నాడు డాక్టరు," అని రాశారు.

పోటీ పుష్యంలో. గొంతు పోయింది మార్గశిరంలో. ఈ పోటీ ఒక్కటీ నేనే వేస్తానని ఆయన ఎందుకన్నారో అప్పటికి గాని మా బుర్రలకి ఎక్కలేదు. పుండు వల్ల ముందే పోయిందో, సింధూరం వల్ల పోయిందో ఎవరు చెప్పగలరు? డాక్టరూ చెప్పలేడు.

"మీ ఆకరి ఆట నాను తినీసినాను," అన్నాడు త్రినాథరావు.

మేష్టారు పలక తుడిచి, లోపలికి ఒకసారి చూసి, గబగబా రాశారు: "పుండు సంగతి సూర్యానికి తెలియదు. చెప్పకండి. ఇప్పుడు దానికి తిట్టుకోడానికి ఒకడున్నాడు. తిట్టినంతసేపు ఏడవదు." మా ఇద్దరి వంకా చూశారు. ఇద్దరం తల ఊపాం. ఆ మాటే నేను ఇన్నాళ్లూ మోసింది. ఆయన పలక పూర్తిగా తుడిచేశారు.

అక్కడితో లేచి వచ్చేస్తే సరిపోయేది. మేష్టారు క్షమించినట్టే, ఊరికి తెలియదు, వేషం ఉంది, కప్పు ఉంది. మేం లేవబోతుంటే సూర్యకాంతమ్మగారు మజ్జిగ తెచ్చారు. నాకు అరుగు చూరులో విడిగా ఉంచే గ్లాసులో పోశారు. త్రినాథరావుకి చేతికందించి, "ఏడ్చావేమిటి నాయనా, కళ్లు అలా ఉన్నాయి? నువ్వేం చేస్తావులే. చేసినవాడి చెయ్యి పడిపోను," అన్నారు.

త్రినాథరావు గ్లాసు ఎడంచేతిలోకి మార్చుకున్నాడు. కుడిచెయ్యి ఆవిడ ముందు చాచాడు. "అమ్మా, ఆ సెయ్యి ఇదే," అన్నాడు.

ఆవిడకి మొదట అర్థం కాలేదు. మేష్టారి వంక తిరిగారు. ఆయన పలక మీద చెయ్యి పెట్టారు గాని బలపం తియ్యలేదు. అప్పుడు అర్థమైంది. ఆవిడ అరుస్తారనుకున్నాను. అరవలేదు. త్రినాథరావు చేతిలో గ్లాసు లాక్కుని, మజ్జిగ వీధిలో పారబోశారు.

"ఆరు నెలల నుంచి నిన్ను దీవిస్తున్నాను కదురా," అన్నారు. "ఆ దీవెనలు ఇలా ఇచ్చెయ్. ఇచ్చేసి వెళ్లు."

దారిలో అడిగాను. "ఆయన నిన్ను బయటపడమని అడగలేదు కదా. ఎందుకు చెప్పావ్?"

"ఆవిడ గాల్ని తిడతన్నాది బావా. గాలికేటి తగుల్తాది?" అన్నాడు.

సాయంత్రానికి టెక్కలంతా పాకిపోయింది. మండలివాళ్లు కిరీటం వెనక్కి పుచ్చుకున్నారు, వెండి కప్పు కూడా. తర్వాత ఏ స్టేజీ మీదా అతన్ని ఎక్కనివ్వలేదు, రెండో అంకంలో చావడానికి కూడా. నేనూ పద్యనాటకాలు మానేశాను. మా పాస్టరుగారు తన ప్రార్థన ఫలించిందనుకున్నారు. మరుసటి ఏడు చైత్రంలో మేష్టారు పోయారు. సింధూరమే పుండై లోపలికి దిగిందని ఊరు తేల్చేసింది, సూర్యకాంతమ్మగారు నమ్మారు. అప్పుడు నాకు ఆగలేదు. "మాట ఇచ్చింది ఆయన బతికున్నప్పుడు. నువ్వు చంపలేదని వెళ్లి చెప్పేస్తాను," అన్నాను.

"ఒద్దు బావా," అన్నాడు. "ఇన్నాళ్లు మొగుడు రోగం దాసి తనని మోసం సేసినాడని ఇప్పుడు ఆవిడకి తెలవాలేటి? నన్ను తిట్టుకోనీ. ఆయన తుడిసేసినదాన్ని నువ్వు మళ్లీ రాయకు." సూర్యకాంతమ్మగారి తిట్లు అలాగే సాగాయి. ఈసారి పేరు పెట్టి తిట్టేవారు. అతను పని మీద టెక్కలి వస్తే, పక్కసందులోంచి పోవచ్చు కదా, ఆ వీధి గుండానే వెళ్లేవాడు.

యాభై తొమ్మిదిలో నౌపడలో చిన్న పెంకుటిల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. నన్నూ నయోమినీ పిలిచాడు. బంధువులు, కొటార్లవాళ్లు, ఇద్దరు ముగ్గురు పాత మండలివాళ్లు కూడా వచ్చారు. భోజనాలయ్యాక ఆచారం ప్రకారం గుమ్మంలో నిలబడి, ఇత్తడి పళ్లెంలో తాంబూలాలు పెట్టుకుని వెళ్లేవాళ్లకి ఇస్తున్నాడు. దానయ్య చేతులు జోడించి, "కడుపు నిండిపోనాది త్రినాథరావు బావా," అని పక్కనుంచి జారిపోయాడు. ఇంకొకాయన పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు కాబట్టి చేతులు ఖాళీ లేవన్నాడు. అతని తోడల్లుడు కూడా వంగి చెప్పులు వెతుక్కున్నాడు. లోపలి గుమ్మంలో త్రిపురసుందరి వేరే పళ్లెంతో నిలబడితే, అందరూ అటు వెళ్లి ఆవిడ చేతి తాంబూలం పుచ్చుకున్నారు. ఆవిడ ఏడుస్తూనే పంచింది.

త్రినాథరావు పళ్లెం దించలేదు. ఒక్కొక్కరికీ మళ్లీ చెయ్యి చాస్తూనే ఉన్నాడు. ఐదో అంకంలో ఎక్కడ నిలబడాలో, ఎంతసేపు నిలబడాలో అతనికి బాగా తెలుసు. ఇక్కడ ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

నాకు ఆకు అలవాటు లేదు. మర్నాడు ఆదివారం, చర్చిలో కీర్తనలు నేనే ఎత్తుకోవాలి. వెళ్లి అతని ముందు నిలబడి చెయ్యి చాచాను. అతను ఇవ్వలేదు. "నీకు గొంతుతో పనుంది బావా," అన్నాడు చిన్నగా. నేనే పళ్లెంలోంచి ఒకటి తీసి, విప్పి చూడకుండా నోట్లో వేసుకుని, అందరూ చూస్తుండగా నమిలాను.

అతను నా మొహం వంకే చూస్తున్నాడు.

"ఎలగున్నాది?" అన్నాడు.

"సున్నం ఎక్కువయింది," అన్నాను.